యాప్ కమిషన్ పోగా చేతికి ఎంత? అరకు హోంస్టే రేటు లెక్క

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. అరకు దగ్గర సొంత స్థలంలో మూడు గదుల హోంస్టే పెట్టావు. గదికి రాత్రికి 3,000 రూపాయలు చేతికి రావాలనుకున్నావు. బుకింగ్ సైటు కమిషన్ 18 శాతం కాబట్టి 3,000కు 18 శాతం కలిపి 3,540 రేటు పెట్టావు. తీరా చూస్తే కొన్ని బుకింగ్‌లకు ఖాతాలో 2,258 మాత్రమే పడుతోంది. రేటు పెంచితే బుకింగ్‌లు ఆగిపోతున్నాయి. నేరుగా ఫోన్ చేసినవాళ్లకు 3,200 చెబితే ‘యాప్‌లో ఇంకా తక్కువే చూపిస్తోంది కదండీ’ అంటున్నారు. యాప్‌ల నుంచి బయటికి వచ్చేయాలా అన్నది నీ ప్రశ్న.

వచ్చేయొద్దు. కానీ రేటు పెట్టే పద్ధతి మార్చాలి. భీమిలి వైపు గదులు నడుపుతూ, అరకు, అనంతగిరి, లంబసింగి వైపు హోంస్టేలు పెట్టుకున్న మనవాళ్ల లెక్కలు చూస్తూ వస్తున్నాను. అందరూ దాదాపు ఒకేచోట దెబ్బతింటున్నారు. కమిషన్‌ను ఏడాది పొడవునా ఒకేలా ఉండే ఖర్చు అనుకుని, దాన్ని రేటుకు తగిలించి ఊరుకుంటున్నారు. మనం కమిషన్ ఇచ్చేది మనకు తెలియని అతిథిని మన గుమ్మం దాకా తెచ్చినందుకు. జూలైలో ఒక బుధవారం ఖాళీగా పడి ఉండే గదికి ఆ యాప్ మనిషిని తెస్తే కమిషన్ ఎంతైనా దండగ కాదు. డిసెంబరు చివరి శనివారం ఎలాగూ నిండే గదికి అదే కమిషన్ ఇస్తే మన జేబులోంచి తీసి ఇచ్చినట్టే. రెండు రోజులకూ ఒకే పద్ధతిలో రేటు పెడితే ఎక్కడో ఒకచోట నష్టపోక తప్పదు.

ముందు నీ 2,258 ఎలా వచ్చిందో చూద్దాం. ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

నీ స్టేట్‌మెంట్ తెరిచి ఆ బుకింగ్ వరుస చూడు. నువ్వు పెట్టిన రేటు 3,540. దాని కింద జీనియస్ డిస్కౌంట్, అంటే బుకింగ్‌డాట్‌కామ్ తన సభ్యులకు ఇప్పించే తగ్గింపు, 10 శాతం పోయి ఉంటుంది. అంటే 3,186. ఆ తర్వాత మొబైల్ రేటు అని, ఫోన్‌లోంచి బుక్ చేసేవాళ్లకు ఇంకో 10 శాతం. అప్పుడు 2,867. నువ్వు చేరేటప్పుడు ‘ఎక్కువమందికి కనిపిస్తారు’ అని చూపించినవాటికి టిక్ పెట్టి ఉంటావు, అవే ఇవి. బుకింగ్‌డాట్‌కామ్‌లో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి వర్తిస్తాయి. ఆ డిస్కౌంట్ డబ్బు సైటుది కాదు, నీది. ఇక 2,867 మీద 18 శాతం కమిషన్ 516. ఆ కమిషన్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ 93. మొత్తం 609 పోతే మిగిలింది 2,258. లెక్కలో ఎవరూ మోసం చేయలేదు. నువ్వు ఒక్క కోత అనుకున్నచోట నాలుగు కోతలు ఉన్నాయి.

ఫోన్ చేసినవాళ్లు అన్నమాట కూడా ఇక్కడే తేలిపోతుంది. వాళ్ల ఫోన్‌లో నీ గది 2,867కే కనిపిస్తోంది. 5 శాతం జీఎస్టీ కలిపినా 3,010. నువ్వేమో 3,200 చెబుతున్నావు. నీ గదిని నీకంటే తక్కువకు అమ్ముతున్నది నీ లిస్టింగే. నేరుగా వచ్చే మనిషిని కూడా నువ్వే యాప్‌లోకి తోసి, వాళ్లకు కమిషన్ కట్టేలా చేసుకుంటున్నావు.

ఇప్పుడు కలపడం సంగతి. చేతికి 3,000 రావాలంటే 3,000కు శాతం కలపకూడదు, భాగించాలి. కమిషన్ లెక్కగట్టేది అతిథి కట్టే పెద్ద మొత్తం మీద కాబట్టి. 18 శాతం కమిషన్, దానిమీద జీఎస్టీ కలిపితే అసలు కోత 21.24 శాతం. అంటే ప్రతి 100 రూపాయల్లో నీకు వచ్చేది 78.76. కాబట్టి 3,000ని 0.7876తో భాగించు, 3,809 వస్తుంది. డిస్కౌంట్ ఏదీ లేకపోతే ఇదీ నీ రేటు. నీ 3,540కి డిస్కౌంట్లు లేకున్నా వచ్చేది 2,788 మాత్రమే. గదికి రాత్రికి 212 అక్కడే జారిపోయింది.

ఒక్క 10 శాతం డిస్కౌంట్ ఉంచాలనుకుంటే 3,809ని 0.9తో భాగించి 4,232 పెట్టాలి. రెండూ ఉంచాలంటే 4,700 దాటుతుంది. అప్పుడు డిస్కౌంట్ వర్తించని మామూలు అతిథికి నీ గది 4,700కు కనిపిస్తుంది, ఆ రేటుకు అరకులో పెద్ద హోటల్ గదే వస్తుంది. అందుకే నా మాట వింటే, కొత్తలో రివ్యూలు వచ్చేదాకా జీనియస్ ఒక్కటి ఉంచు, మొబైల్ రేటు ఈ రోజే తీసెయ్. ఈ రోజుల్లో గది బుక్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోంచే చేస్తారు. అలాంటప్పుడు మొబైల్ డిస్కౌంట్ అంటే దాదాపు అందరికీ ఇచ్చే డిస్కౌంటే. ఎక్కువ కమిషన్ తీసుకుని ముందు వరుసలో చూపించే పథకాలు కూడా మూడు గదుల ఇంటికి అక్కర్లేదు. పాతిక గదులు నింపాల్సినవాళ్లకు అవి పనికొస్తాయి.

రేటు ఏ అంకె దగ్గర ఆగుతుందో కూడా చూసుకో. 4,000 లోపు అని ఫిల్టర్ పెట్టి వెతికేవాళ్లు చాలామంది. 4,050 పెడితే వాళ్ల తెరమీదకే రావు. 3,990 పెడితే వస్తావు. ఆ 60 రూపాయల తేడాలో నీకు తగ్గేది 47. కనిపించకుండా పోవడంకన్నా అది నయం.

ఎయిర్‌బీఎన్‌బీ పద్ధతి వేరు, అందుకే దానికి వేరే లెక్క. అక్కడ పాత పద్ధతిలో ఫీజును రెండు ముక్కలు చేస్తారు. హోస్టు దగ్గర 3 శాతం, అతిథి దగ్గర 14 శాతం ఆ చుట్టుపక్కల. రెండింటి మీదా జీఎస్టీ ఉంటుంది. నీకు 3,000 రావాలంటే 3,110 పెడితే చాలు. హోస్టులు ఇది చూసి ‘ఇక్కడ కమిషనే లేదు’ అని సంబరపడతారు. అతిథి వైపు నుంచి చూడు. 3,110కి 14 శాతం సర్వీస్ ఫీజు 435, దానిమీద జీఎస్టీ 78, బస మీద 5 శాతం జీఎస్టీ 156. మొత్తం 3,779. అవతల బుకింగ్‌డాట్‌కామ్‌లో 3,809 పెట్టిన గది జీఎస్టీతో 4,000. అతిథి జేబు దగ్గర తేడా 221 రూపాయలే. 2025 ఏప్రిల్ నుంచి ఎయిర్‌బీఎన్‌బీ అన్ని దేశాల్లోనూ ఫీజులు కలిపిన మొత్తం రేటునే వెతికేటప్పుడు చూపిస్తోంది కాబట్టి అతిథి పోల్చుకునేది ఆ మొత్తాన్నే. ఫీజు కాగితం మీద ఎవరి పేరున ఉందన్నది అంత ముఖ్యం కాదు. అతిథి మొత్తం ఎంత కడుతున్నాడు, నీకు ఎంత వస్తోంది అన్న రెండు అంకెలే చూసుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు మూడు సైట్లలో ఉన్నావు కదా, ఒకే రాత్రికి రెండు బుకింగ్‌లు పడకుండా ఛానెల్ మేనేజర్ సాఫ్ట్‌వేర్ తీసుకోమని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్‌తో అనుసంధానమైన హోస్టులను ఎయిర్‌బీఎన్‌బీ 2025 అక్టోబరు 27 నుంచి 15.5 శాతం ఒకే ఫీజు పద్ధతిలోకి మార్చింది. ఆ పద్ధతిలో అతిథికి వేరే సర్వీస్ ఫీజు ఉండదు, కోత మొత్తం నీ వైపే. జీఎస్టీతో 18.29 శాతం. రేటు మార్చకుండా 3,110 దగ్గరే ఉంచితే నీకు 2,541 వస్తుంది. రాత్రికి 459 తగ్గుతుంది. 3,000 నిలవాలంటే 3,672 పెట్టాలి. అతిథికి అది జీఎస్టీతో 3,855 అవుతుంది, అంటే పాత మొత్తానికి 76 రూపాయలు ఎక్కువ. కాబట్టి సాఫ్ట్‌వేర్ తీసుకుంటే భయమేమీ లేదు, అదే రోజు రేటు మార్చడం మాత్రం మరిచిపోకు. మూడు గదులకైతే ఇప్పటికి సాఫ్ట్‌వేర్ అవసరం లేదని నా అభిప్రాయం. రెండు సైట్ల క్యాలెండర్లు కలుపుకుని, బుకింగ్ వచ్చిన వెంటనే రెండోచోట నీ చేత్తో తేదీ మూసెయ్. క్యాలెండర్లు వాటంతట అవి మారడానికి కొన్ని గంటలు పడుతుంది, శుక్రవారం సాయంత్రం ఆ కొన్ని గంటలే కొంప ముంచుతాయి.

మేక్‌మైట్రిప్, గోఐబిబో వాళ్ల శాతం నీ ఒప్పంద పత్రంలో ఉంటుంది, అదే పద్ధతిలో భాగించుకో. ‘సేల్’ అని పిలిచినప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అడుగు: ఈ డిస్కౌంట్‌లో మీ వాటా ఎంత, నా వాటా ఎంత? సమాధానం మెయిల్‌లో వచ్చాకే ఒప్పుకో.

ఇక జీఎస్టీ. దీన్ని చాలామంది ‘అతిథి కట్టేది కదా, నాకేంటి’ అని వదిలేస్తారు. రేటు మీద దాని దెబ్బ గట్టిగానే ఉంటుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు, అంతకు లోపు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. తగ్గింది కానీ, ఈ 5 శాతంలో ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే నువ్వు రేపు జీఎస్టీ నమోదు చేసుకున్నా, కమిషన్ మీద కట్టిన 18 శాతం జీఎస్టీ ఈ గదుల మీద వెనక్కి రాదు. నమోదు లేనప్పుడు ఎలాగూ రాదు. అందుకే పైన లెక్కలన్నిట్లో కమిషన్ మీది జీఎస్టీని ఖర్చుగానే వేశాను. ‘జీఎస్టీ నంబర్ తీసుకో, కమిషన్ మీది పన్ను వెనక్కి వస్తుంది’ అని పాత రోజుల సలహా ఎవరైనా ఇస్తే, 5 శాతం గదులకు ఆ మాట ఇప్పుడు చెల్లదు.

నీ ఏడాది ఆదాయం, అన్ని దారుల్లో వచ్చినదీ కలిపి, 20 లక్షలు దాటనంతవరకు నీకు నమోదు అవసరం లేదు. అప్పుడు యాప్‌లో వచ్చిన బసకు జీఎస్టీని యాప్‌వాళ్లే అతిథి దగ్గర వసూలు చేసి కడతారు. నేరుగా వచ్చిన అతిథి దగ్గర నువ్వు జీఎస్టీ వసూలు చేయకూడదు. అంటే నేరుగా వచ్చేవాళ్లకు కమిషన్ ఒక్కటే కాదు, ఆ 5 శాతం కూడా తగ్గుతుంది. ఇది చట్టప్రకారం నీకున్న వెసులుబాటు, దాచుకోవాల్సిన పనిలేదు.

7,500 గీత దాటితే పన్ను ఒక్కసారిగా 18 శాతం. నువ్వు ప్రశ్న చివర్లో ‘మూడు గదులూ కలిపి ఇల్లు మొత్తం ఒకే లిస్టింగ్‌గా కూడా పెట్టనా, పెద్ద కుటుంబాలు అడుగుతున్నాయి’ అని రాశావు. మూడు గదులకు చేతికి 9,000 రావాలంటే లిస్టింగ్ రేటు 11,427. ఒకే యూనిట్‌గా పెడితే అది 7,500 దాటింది కాబట్టి 18 శాతం పన్నుతో అతిథికి 13,484. అవే మూడు గదులు విడివిడిగా బుక్ చేసుకుంటే ఒక్కోటి 3,809 కాబట్టి 5 శాతమే, మొత్తం 11,998. ఒక్క రాత్రికి 1,486 తేడా. అదే ఇల్లు, అదే వంట, అవే పరుపులు. నీకు ఒక్క రూపాయి అదనంగా రాదు. కాబట్టి గదులు విడిగానే ఉంచు, ‘మూడూ కలిపి తీసుకుంటే ఇల్లంతా మీదే’ అని వివరణలో రాయి. భీమిలి బీచ్ రోడ్డులో విల్లా ఉన్నవాళ్లకు ఈ సదుపాయం లేదు. 7,000 చేతికి రావాలనుకున్న విల్లా కమిషన్ కలిపేసరికి 8,888 అయి గీత దాటుతుంది. వాళ్లు 7,500 దగ్గర ఆగిపోయి 5,907 తీసుకోవడమా, గీత దాటడమా అని ప్రతి సీజన్‌లోనూ తల పట్టుకుంటున్నారు.

ఆదాయపు పన్ను కింద యాప్‌లు పట్టుకునే టీడీఎస్ 0.1 శాతమే. 2024 అక్టోబరుకు ముందు 1 శాతం ఉండేది. అది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, రేటులో కలపక్కర్లేదు. పాన్ ఇవ్వకపోతే మాత్రం 5 శాతం పట్టుకుంటారు. ప్రొఫైల్‌లో పాన్ ఎక్కిందో లేదో ఈ రోజే చూసుకో.

ఇప్పుడు రోజుల సంగతికి వద్దాం. అసలు డబ్బు ఉన్నది ఇక్కడే.

ముందు నీ అడుగు రేటు, అంటే అంతకన్నా కిందికి దిగకూడని రేటు, తేల్చుకో. గదిలో మనిషి దిగితేనే అయ్యే ఖర్చు ఎంత? దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ల ఉతుకు, గది తుడిచే అమ్మాయి కూలి, గీజర్ కరెంటు, ఉదయం టిఫిన్, కాఫీ. అరకులో చలికాలం గీజర్ ఎంత తింటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అతిథి మారినప్పుడల్లా అయ్యేది 500, రోజుకు అయ్యేది 300 అనుకుందాం, నీ అసలు అంకెలు నువ్వు వేసుకో. ఒక్క రాత్రి ఉండే అతిథికి ఖర్చు 800. రెండు రాత్రులు ఉంటే 1,100, అంటే రాత్రికి 550. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కుదరని 1/70 నిబంధన వల్ల నీ స్థలం నీ చేతిలోనే ఉంది, నెల తిరిగేసరికి స్థలం అద్దె కట్టాల్సిన బరువు లేదు. మా భీమిలి ఫ్లాట్లవాళ్లలా ప్రతి రాత్రి మీదా బ్యాంకు వాయిదా కూర్చుని లేదు. కాబట్టి ఖాళీ రోజుల్లో వాళ్లకంటే కిందికి దిగగల సత్తా నీకుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మామూలు రోజుల్లో చేతికి 1,400 వచ్చినా ఖర్చు పోగా గదికి 600 మిగులుతుంది. దానికి యాప్ రేటు 1,778. ఆ రోజుల్లో జీనియస్ ఉంచు, వారం ముందు బుక్ చేస్తే తగ్గింపు ఇవ్వు, ఏది ఇచ్చినా చేతికి 1,400 తగ్గకుండా చూసుకో. ఎయిర్‌బీఎన్‌బీలో గిరాకీని బట్టి రేటు దానంతట అదే మార్చే స్మార్ట్ ప్రైసింగ్ వాడితే కనీస రేటు గడిలో నీ అడుగు రేటు రాసిపెట్టు. ఆ గడిలో అంకె మరీ తక్కువగా ఉంటే అది అంతవరకూ తగ్గించుకుంటూ పోతుంది.

దసరా వేరే కథ. పూజ సెలవులకు బెంగాల్ నుంచి కుటుంబాలు వైజాగ్, అరకు కలిపి వస్తాయి. వాళ్లకు నువ్వు తెలియదు, నీ ఫోన్ నంబర్ తెలియదు. రైలు టికెట్లు తీసుకున్నప్పుడే గది కూడా యాప్‌లో తీసేసుకుంటారు. ఇక్కడ కమిషన్ ఇవ్వడం న్యాయం, ఆ అతిథి ఇంకో దారిలో నీ దగ్గరికి రాడు. పూర్తి రేటు 3,809, డిస్కౌంట్ లేకుండా, నెలల ముందే తెరిచి ఉంచు.

నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాలు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా నీకు కొరత అతిథులది కాదు, గదులది. అరకు రైల్లో విస్టాడోమ్ అద్దాల బోగీల టికెట్లే దొరకని రోజులవి. అప్పుడు మూడు గదుల్లో రెండు మాత్రమే యాప్‌లో పెట్టు, అవి కూడా రెండు రాత్రులు కనీసం అన్న షరతుతో, చేతికి 4,000 వచ్చేలా 5,079కి. ఒక గది నేరుగా ఫోన్ చేసేవాళ్లకు అట్టిపెట్టు. ఆ రోజుల్లో గురువారం దాకా ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఆ గది మిగలదు. చలికాలం శనివారం ఒక్క రాత్రికి గది ఇస్తే శుక్రవారం ఖాళీగా పోతుంది, ఉతుకు ఖర్చు మాత్రం నిండుగానే అవుతుంది.

నేరుగా వచ్చేవాళ్లకు ఎంత చెప్పాలి? కొందరు యాప్ రేటే చెబుతారు, కొందరు చేతికి వచ్చే రేటు చెప్పేస్తారు. రెండూ నాకు నచ్చవు. యాప్‌లో అతిథికి 4,000 అయ్యేచోట నీకు వచ్చేది 3,000. మధ్యలో ఉన్న 1,000ని ఇద్దరూ పంచుకోండి. 3,400 చెప్పు. అతిథికి 600 మిగిలింది, నీకు 400 ఎక్కువ వచ్చింది. ఇద్దరికీ లాభం కనిపిస్తుంది కాబట్టి బేరం పొడుగు సాగదు.

‘యాప్ కంటే తక్కువకు ఇవ్వకూడదని ఒప్పందంలో ఉందేమో’ అని భయపడేవాళ్లు ఉన్నారు. మన దేశంలో ఈ గొడవ, వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందా అని చూసే ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లింది. 2022 అక్టోబరులో ఆ సంస్థ మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్లు జరిమానా వేసింది. హోటళ్లు వేరేచోట తక్కువ రేటు పెట్టకూడదన్న షరతులు ఒప్పందాల్లోంచి తీసేయమని మేక్‌మైట్రిప్-గోఐబిబోను ఆదేశించింది. యూరప్‌లో కూడా బుకింగ్‌డాట్‌కామ్ 2024 జూలై నుంచి ఆ షరతును వదులుకుంది. నీ ఒప్పందంలో అలాంటి వాక్యం ఉందేమో ఒకసారి చదివి చూసుకో.

ఒకటి మాత్రం చేయొద్దు. యాప్‌లో బుక్ చేసిన మనిషికి ‘అది క్యాన్సిల్ చేసి నాకు ఫోన్‌పే చేయండి, 500 తగ్గిస్తాను’ అని మెసేజ్ పెట్టొద్దు. ఎయిర్‌బీఎన్‌బీ నిబంధనల్లో అది నిషేధం, మళ్లీ వచ్చే బసను బయటికి మళ్లించడం కూడా నిషేధమే. లిస్టింగ్ పోతే దానితోపాటు ఏళ్ల తరబడి కూడిన రివ్యూలు పోతాయి. అంతకన్నా ముందు, ఆ అతిథిని తెచ్చింది వాళ్లు, దానికి ఒప్పుకున్న డబ్బు ఇవ్వడం మన ధర్మం. నేరుగా వచ్చేవాళ్లను వేరే దారిలో పెంచుకో. గూగుల్ మ్యాప్స్‌లో నీ హోంస్టే పేరు, ఫొటోలు, ఫోన్ నంబర్ పెట్టు. బొర్రా గుహల దగ్గర, చాపరాయి దగ్గర నిలబడి ‘దగ్గర్లో ఉండటానికి ఏముంది’ అని ఫోన్‌లో వెతికేవాళ్లకు అది కనిపిస్తుంది.

నేరుగా అంటే ఉచితం అనుకోకు. వైజాగ్ నుంచి కారు తెచ్చే డ్రైవర్‌కు గదికి ఇంత అని ఇస్తాం కదా, అదీ కమిషనే. 300 ఇస్తే నీ 3,400లో మిగిలేది 3,100. యాప్ కంటే మేలే, కానీ అనుకున్నంత కాదు. ఫోన్‌లో గది అట్టిపెట్టమని చెప్పి రానివాళ్ల నష్టం కూడా ఇందులోకే వస్తుంది. సగం ముందే వేయించుకో. యూపీఐకి ఖర్చు లేదు కాబట్టి ఆ సొమ్ము పూర్తిగా నీకే అందుతుంది.

తిండి సంగతి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. టిఫిన్ రేటులో కలిపి పెట్టావు. అంటే ఇడ్లీ మీద, కాఫీ మీద కూడా 21 శాతం కోత కట్టించుకుంటున్నావు. గది రేటులోంచి టిఫిన్ తీసేసి, ‘ఇంటి వంట అడిగితే చేసి పెడతాం’ అని రాయి. మీ ఇంట్లో చేసే బొంగు చికెన్‌కు, రాత్రి చలిమంట దగ్గర భోజనానికి అతిథి సంతోషంగా వేరే డబ్బు ఇస్తాడు. ఆ డబ్బు మీద ఏ యాప్‌కూ వాటా లేదు. గది మీద 200 తగ్గించి పోటీలో నిలబడ్డా, నలుగురి భోజనం మీద అంతకు మించి వస్తుంది. మీ ఆవిడ కష్టానికి విడిగా ఒక అంకె కనిపించడం కూడా మంచిదే. చాలా హోంస్టేల్లో ఆడవాళ్ల వంట గది రేటులో కలిసిపోయి లెక్కకే రాదు.

క్లీనింగ్ ఫీజు అని విడిగా పెట్టి గది రేటు తక్కువ చూపించే ఉపాయం ఇప్పుడు పనిచేయదు. ఎయిర్‌బీఎన్‌బీ దాన్ని కలిపిన మొత్తమే చూపిస్తుంది, ఫీజు కూడా ఆ మొత్తం మీదే లెక్కగడుతుంది.

అతిథి నీ దగ్గరే డబ్బు కట్టే బుకింగ్‌లకు బుకింగ్‌డాట్‌కామ్ కమిషన్ బిల్లు తర్వాత నెలలో వస్తుంది. జనవరిలో చేతినిండా డబ్బు ఆడుతుంది, ఆ నెల బిల్లు వచ్చేసరికి గదులు ఖాళీగా ఉంటాయి. ప్రతి బుకింగ్ రోజున 21 శాతం తీసి వేరే ఖాతాలో పడెయ్. రాని అతిథిని గడువులోపు ‘నో షో’ అని గుర్తించకపోతే దానిమీద కూడా కమిషన్ వేస్తారు, ఆ అలవాటు ఇంట్లో ఒకరికి అప్పగించు.

ఇక ఈ వారం పని. మొబైల్ రేటు తీసెయ్. యాప్ రేటు ఒక్కసారిగా 4,232కు ఎక్కించకు, ఇప్పటికే బుకింగ్‌లు ఆగుతున్నాయని భయపడుతున్నావు. టిఫిన్ విడదీసి, జీనియస్ ఉంచి 3,990 పెట్టు. జీనియస్ అతిథి నుంచి నీకు 2,828 వస్తుంది, మామూలు అతిథి నుంచి 3,142. రెండూ కలిసి నువ్వు కోరుకున్న 3,000కు దగ్గరగా వస్తాయి, టిఫిన్ డబ్బు వేరే. ఫోన్‌కు 3,400 అను. చలికాలం శనివారాలకు 5,079, రెండు రాత్రుల షరతు ఇప్పుడే ఎక్కించు, ఎందుకంటే ముందుచూపు ఉన్న కుటుంబాలు ఆ తేదీలను ఇప్పటి నుంచే వెతుకుతున్నాయి, నీ పాత 3,540కి ఎవరైనా పట్టేస్తే ఆ రేటుకే గది ఇవ్వాల్సి ఉంటుంది. మార్చాక వచ్చిన స్టేట్‌మెంట్ ఇక్కడే పెట్టు, అతిథి పేరు చెరిపేసి. వరుస వరుసా కలిసి చూద్దాం.